రెంటికీ చెడినవారు కారు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాలు నిండిన పాఠశాల ఉత్సవంలో ఇక్కడ చదివి గొప్పవారైన వారి పేర్లను స్మరించడం ఆచారం. అది ఉచితమే. అయితే ప్రతి పాఠశాల హాజరుపట్టీలోను మరొక రకపు పేర్లు కూడా ఉంటాయి. చదువు మధ్యలో ఆపి, అదృష్టాన్ని పరీక్షించుకొనడానికి వెళ్లిపోయినవారి పేర్లు అవి. వారిలో కొందరు గెలిచారు. ఎక్కువమంది గెలవలేదు. గెలవనివారిని లోకం ‘రెంటికీ చెడ్డ రేవడి’ అని ఒక్కమాటతో తేల్చివేస్తుంది. ఆ మాట ఎంతవరకు న్యాయమో విచారించడమే ఈ ప్రసంగ విషయం. ఇందుకు తీసుకొన్న ఉదాహరణలు అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటకు సంబంధించినవి. ఆట పరాయిదే కావచ్చు. ఆటా, చదువా అని పద్దెనిమిదేళ్ల వయసులో తేల్చుకోవలసిన సంకటం మాత్రం ఏ దేశంలోనైనా ఒక్కటే.

బేస్‌బాల్ క్రికెట్‌కు దూరపు చుట్టం వంటిది. ఒకడు బంతి విసరడం, మరొకడు బ్యాటుతో కొట్టి పరుగెత్తడం రెండింటిలోను ఉన్నవే. అమెరికాలో ఈ ఆటకు పైమెట్టు మేజర్ లీగ్. అందులో 30 క్లబ్బులు ఉన్నాయి. ఒక్కొక్క క్లబ్బుకు దిగువన, రేపటి ఆటగాళ్లను తీర్చిదిద్దే జట్లు ఉంటాయి. ఈ దిగువ అంతస్తులనే మైనర్ లీగ్ అంటారు. 2021లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో క్లబ్బుకు నాలుగు చొప్పున ఈ జట్లు 120గా స్థిరపడ్డాయి. సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అన్నవి వాటి మెట్లు. కొత్తగా చేరినవారి శిక్షణ శిబిరాలు వీటికీ కిందివి. ఆటలు చాలావరకు చిన్న ఊళ్లలో జరుగుతాయి. ఊరి నుండి ఊరికి గంటల తరబడి బస్సు ప్రయాణం. ఒక మెట్టు ఎక్కినవాడు మరునాడే దిగవలసి రావచ్చు. అత్యధికులు పైమెట్టును చూడకుండానే ఇంటిదారి పడతారు.

ఈ దారిలోకి ప్రవేశం ‘డ్రాఫ్ట్’ అనే వార్షిక ఎంపిక ద్వారా జరుగుతుంది. ఉన్నత పాఠశాల ముగించిన బాలుణ్ణి ఒక క్లబ్బు ఎంపిక చేస్తే, అతడు సంతకం చేసి వెంటనే వృత్తిలో చేరవచ్చు. కాదనుకొంటే కళాశాలకు పోవచ్చు. అయితే నాలుగేళ్ల కళాశాలలో ఒకసారి చేరినవాడు మూడవ సంవత్సరం పూర్తయ్యేవరకో, ఇరవై ఒకటవ ఏడు వచ్చేవరకో మళ్లీ ఎంపికకు అర్హుడు కాడు. ఇటు చేతికి అందుతున్న సొమ్ము, అటు ఏళ్ల తరబడి నిరీక్షణ. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు, అతని తల్లిదండ్రులు కొద్ది వారాలలో తేల్చుకోవలసిన విషయమిది.

సంతకం నాడు ఇచ్చే సొమ్ము కొందరికే పెద్దది. ఆ తరువాతి జీతం చాలాకాలం అతి స్వల్పంగా ఉండేది. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ల సంఘం తొలిసారిగా ఉమ్మడి ఒప్పందం కుదుర్చుకొనేవరకు అట్టడుగు మెట్టున ఏడాదికి కనీస వేతనం 4,800 డాలర్లు. ఆ ఒప్పందంతో అది 19,800 డాలర్లకు, ట్రిపుల్-ఎ మెట్టున 35,800 డాలర్లకు పెరిగింది. భుజం నొప్పితోనో, వేగం చాలకనో, కేవలం పోటీ వల్లనో క్లబ్బు ఒకనాడు ‘ఇక చాలు’ అంటుంది. అప్పటికి ఆటగాడి వయసు ఇరవై మూడో, ఇరవై నాలుగో. తోటివారు పట్టాలు పుచ్చుకొని ఉద్యోగాలలో ఉంటారు. ఇతనికి మిగిలింది బంతి విసరడం ఒక్కటే. అదీ ఇక అక్కరలేదన్నారు. ఇటువంటివానికి కళాశాల తలుపు తెరిచి ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు నూరేళ్ల క్రితం దొరికిన సమాధానం కఠినమైనది. దాని పర్యవసానాన్ని జిమ్ థోర్ప్ అనే యువకుడు అనుభవించాడు.

థోర్ప్ 1887లో, నేడు ఓక్లహోమా అని పిలిచే ప్రాంతంలో, సాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసి జాతిలో జన్మించాడు. 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలలో చేరాడు. ఆ పాఠశాల సంగతి ఈ సభలో తప్పక చెప్పుకోవలసినది. ఆదివాసి బాలబాలికలను ఇంటికి దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లిభాష నోట పలుకకుండా చేయడమే ధ్యేయంగా 1879లో దానిని స్థాపించారు. తల్లిభాష నిలవడం కోసం పరభాషా ప్రాంతంలో పెద్దలు చందాలు వేసుకొని నడిపిన పాఠశాలకు, తల్లిభాషను తుడిచివేయడం కోసం ప్రభుత్వం నడిపిన ఆ పాఠశాలకు గల అంతరం వేరే వివరించనక్కరలేదు. కార్లైల్ 1918లో మూతపడింది. దాని పేరు నేటికీ లోకం తలుస్తున్నదంటే, అందుకు ముఖ్యకారణం ఆ పిల్లలు ఆడిన ఆట.

1909, 1910 వేసవులలో థోర్ప్ నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాకీ మౌంట్, ఫేయట్‌విల్ ఊళ్ల జట్లలో మైనర్ లీగ్ బేస్‌బాల్ ఆడాడు. పుచ్చుకొన్నది ఆటకు 2 డాలర్ల నుండి వారానికి 35 డాలర్ల వరకు అని చెబుతారు. ఆ రోజులలో కళాశాల విద్యార్థులు అనేకులు వేసవిలో అదే పని చేసేవారు. తేడా ఒక్కటే. వారు మారుపేర్లు పెట్టుకొన్నారు, థోర్ప్ తన సొంత పేరుతో ఆడాడు. 1911లో అతడు కార్లైల్‌కు తిరిగి వచ్చాడు. ఆ నవంబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయ జట్టుపై ఫుట్‌బాల్‌లో కార్లైల్ 18-15తో గెలిచినప్పుడు నాలుగు ఫీల్డ్ గోళ్లు అతని కాలి నుండి వచ్చినవే. మరుసటి వేసవిలో, 1912 స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోను స్వర్ణపతకాలు గెలిచాడు. మైనర్ లీగ్ నుండి తిరిగి వచ్చిన విద్యార్థి ఒకటిన్నర సంవత్సరంలోగా లోకం మెచ్చిన క్రీడాకారుడయ్యాడు.

1913 జనవరిలో ఒక పత్రిక ఆ రెండు వేసవుల సంగతి బయటపెట్టింది. ఆటకు డబ్బు పుచ్చుకొన్నవాడు ఔత్సాహికుడు కాడన్నది నాటి ఒలింపిక్ నియమం. ఆటలు ముగిసిన 30 రోజులలోగానే అభ్యంతరం చెప్పాలన్నది కూడా నాటి నియమమే. మొదటి నియమాన్ని పాటించారు, రెండవదానిని మరిచారు. పతకాలు వెనక్కు తీసుకొన్నారు. తాను తెలియక చేశానని, ఇతరుల వలె మారుపేరు పెట్టుకోలేదని థోర్ప్ లేఖ వ్రాశాడు. అతని గెలుపులతో పేరు తెచ్చుకొన్న పాఠశాల పెద్దలు, శిక్షకుడు తమకేమీ తెలియదని చేతులు దులుపుకొన్నారు. నియమం కఠినమైనదని సరిపెట్టుకోవచ్చు. గెలిచిననాడు మావాడన్న పాఠశాల, చిక్కు వచ్చిననాడు అతని పక్కన నిలవకపోవడం మాత్రం నియమం చేసిన తప్పు కాదు.

థోర్ప్ ఆ తరువాత మేజర్ లీగ్‌లో బేస్‌బాల్ ఆడాడు. వృత్తి ఫుట్‌బాల్ సంఘానికి 1920లో తొలి అధ్యక్షుడయ్యాడు. 1950లో పత్రికా రచయితలు ఆ అర్ధశతాబ్దపు ఉత్తమ క్రీడాకారుడిగా అతనిని ఎన్నుకొన్నారు. పతకాలు మాత్రం రాలేదు. 1953లో ఆయన కన్నుమూశారు. 1982లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం మనసు మార్చుకొన్నది. 1983 జనవరిలో పతకాల నకళ్లను ఆయన సంతానానికి అందజేశారు. ఇతరులతో కలిపి గాక, ఆయన ఒక్కరినే విజేతగా ప్రకటించడానికి 2022 జూలై వరకు పట్టింది. రెండు వేసవుల కూలి డబ్బుకు శిక్ష సుమారు 110 సంవత్సరాలు సాగింది.

డబ్బు పుచ్చుకొన్న ఆటగాడు తక్కువవాడన్న భావం అమెరికాలో పుట్టినది కాదు. ఇంగ్లండులో క్రికెటర్లను ‘జెంటిల్మెన్’, ‘ప్లేయర్స్’ అని రెండు తెగలుగా విడదీసేవారు. ఒకే జట్టులో ఆడేవారికి వేర్వేరు గదులు, మైదానంలోకి వేర్వేరు ద్వారాలు ఉండేవి. ఆ భేదాన్ని 1962లో గాని రద్దు చేయలేదు. ఉన్నవాడికి ఆట వినోదం, లేనివాడికి అది కూలి. కూలి పుచ్చుకోవడమే నేరమైతే లేనివాడు ఆడే దారి ఏది? ఈ దేశంలో ఆ ప్రశ్నకు సంస్థానాధీశులు వేరొక సమాధానం కనుగొన్నారు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన సి.కె. నాయుడును 1923లో హోల్కర్ మహారాజు ఇందూరుకు పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకత్వం వహించినది ఆయనే. ఆటగాడికి గౌరవమైన జీవనాధారం చూపితే ఆట నిలుస్తుందన్న సత్యానికి ఆయన జీవితం నిదర్శనం.

ఇక తలుపు తెరిచిన కథ. అమెరికా కళాశాల క్రీడలను నడిపే జాతీయ సంఘం 1970లలో ఒక సడలింపు ఇచ్చింది. ఒక ఆటలో వృత్తి ఆటగాడైనవాడు ఆ ఆటకు అనర్హుడైనా, కళాశాల తరఫున మరొక ఆట ఆడవచ్చు. ఈ చిన్న సందు నుండి లోపలికి వచ్చినవాడు క్రిస్ వైన్కీ.

మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన వైన్కీని 1990లో టొరంటో బ్లూ జేస్ క్లబ్బు రెండవ వరుసలోనే ఎంపిక చేసింది. అతడు అప్పటికే ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి ఫుట్‌బాల్ ఆడతానని ఒప్పుకొన్నాడు. కొద్దిరోజులు అక్కడ సాధన కూడా చేసి, చివరకు బేస్‌బాల్ వైపే మొగ్గాడు. వెళ్లేటప్పుడు శిక్షకుడు బాబీ బౌడెన్ అతనికి ఒక మాట ఇచ్చారు. ఎప్పుడైనా తిరిగి రాదలచుకొంటే స్కాలర్‌షిప్ సిద్ధంగా ఉంటుందని దాని సారాంశం. ఆరు సంవత్సరాలు గడిచాయి. వైన్కీ ట్రిపుల్-ఎ మెట్టు వరకు ఎక్కాడు గాని పైమెట్టు అందలేదు. ఆ ఆరేళ్లలో ఎందరో కొత్త ఆటగాళ్లు వచ్చి ఉంటారు. పాత మాట మరిచానన్నా శిక్షకుణ్ణి తప్పుపట్టేవారు లేరు. బౌడెన్ మరువలేదు. 1997లో వైన్కీ తనకంటె ఆరేడేళ్లు చిన్నవారి మధ్య విద్యార్థిగా కూర్చున్నాడు.

దారి అంతటితో సుగమం కాలేదు. 1998 నవంబరులో ఆటలో మెడకు తీవ్రమైన దెబ్బ తగిలి శస్త్రచికిత్స జరిగింది. కోలుకొని 1999లో మళ్లీ మైదానంలోకి దిగాడు. ఆ ఏడాది ఫ్లోరిడా స్టేట్ ఒక్క ఆట కూడా ఓడక జాతీయ విజేతగా నిలిచింది. 2000లో కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్మన్ బహుమతి వైన్కీకి లభించింది. అప్పటికి అతని వయసు 28 సంవత్సరాలు. ఆ బహుమతి పొందినవారిలో అందరికంటె పెద్దవాడు అతడే. బేస్‌బాల్‌లో గడిపిన ఆరేళ్లు వ్యర్థమని ఎవరైనా అనవచ్చు. బస్సులలో, చిన్న ఊళ్లలో, ఓటములలో నేర్చిన ఓర్పే దెబ్బ తిన్న మెడతో అతనిని మళ్లీ నిలబెట్టిందనుకోవడం అంతకంటె న్యాయం.

బ్రాండన్ వీడెన్ కథ కూడా ఇటువంటిదే. 2002లో న్యూయార్క్ యాంకీస్ క్లబ్బు అతనిని పిచర్‌గా ఎంపిక చేసింది. మూడు క్లబ్బుల మైనర్ జట్లలో ఆడి, భుజం దెబ్బతిని, 2006తో బేస్‌బాల్ ముగించాడు. 2007లో ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ప్రధాన క్వార్టర్‌బ్యాక్ కావడానికి 2010 వరకు బెంచీపై కాచుకొన్నాడు. 2012లో క్లీవ్‌లండ్ బ్రౌన్స్ క్లబ్బు 28 ఏళ్ల వీడెన్‌ను వృత్తి ఫుట్‌బాల్ ఎంపికలో తొలి వరుసలోనే తీసుకొన్నది. తొలి వరుసలో అంత వయసువానిని ఎన్నుకోవడం అదే మొదటిసారి.

వీరిద్దరూ మరొక ఆటకు వచ్చినవారు. మరి తన సొంత ఆటకే, కళాశాల బేస్‌బాల్‌కే తిరిగి రాదలచినవాని సంగతి? అతడు బ్యాటు పట్టకుండా బోధించవచ్చు. పాట్ కేసీ 1980లలో మైనర్ లీగ్‌లో ఆడి, మేజర్ లీగ్ చేరకుండానే ఆట ముగించాడు. 1988లో ఓరెగన్ రాష్ట్రపు చిన్న ఊరిలోని జార్జ్ ఫాక్స్ కళాశాలలో శిక్షకుడయ్యాడు. 1995 నుండి ఓరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయ జట్టును నడిపి, 2006, 2007, 2018 సంవత్సరాలలో జాతీయ విజేతగా నిలిపాడు. చలి, వాన ఎక్కువగా ఉండే ఆ ప్రాంతపు జట్టు ఎండ ప్రాంతాల జట్లను ఓడించడం సామాన్యం కాదు. పైమెట్టు ఎక్కలేనివాడే మెట్లు ఎక్కడం నేర్పగలిగాడు. ఎక్కడ కాలు జారుతుందో అతనికి తెలుసు గనుక.

క్లబ్బులు కూడా కొంత బాధ్యత వహించాయి. ఆట ముగిసిన తరువాత ఇన్ని సెమిస్టర్ల చదువుకయ్యే ఖర్చు క్లబ్బు భరిస్తుందని ఒప్పందంలోనే వ్రాయించుకొనే సదుపాయం ఉంది. తెలివైన తల్లిదండ్రులు సంతకం నాటి సొమ్ముతో పాటు ఆ వాక్యాన్ని కూడా చూసుకొంటారు. కాలం కూడా మారింది. 2021 జూలై నుండి కళాశాల క్రీడాకారులు తమ పేరు ప్రతిష్ఠలతో సొమ్ము గడించవచ్చునని అంగీకరించారు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన పరిష్కారంతో కళాశాలలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించే వీలు కలిగింది. 2025-26 విద్యాసంవత్సరానికి ఒక్కొక్క సంస్థకు దాని పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటకు రెండు డాలర్లు పుచ్చుకొన్న థోర్ప్‌ను దోషి అన్న దేశంలోనే ఇది జరిగింది. నియమాలు శాశ్వతాలు కావు. వాటి పేరిట మనుషులకు జరిగిన నష్టం మాత్రం తిరిగి రాదు.

ఈ దేశపు యువకులు ఇద్దరు కూడా ఆ మెట్లు ఎక్కారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ఒక పోటీ ద్వారా ఎంపికై పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బుతో ఒప్పందం చేసుకొన్నారు. 2009లో మైనర్ లీగ్‌లో ఆడారు. 2010 చివరలో క్లబ్బు దినేశ్ పటేల్‌ను విడుదల చేయగా అతడు స్వదేశానికి వచ్చాడు. ఇటువంటివారు తిరిగి వచ్చిననాడు వారికోసం తరగతిలో ఒక బల్ల ఖాళీగా ఉంచగలమా అన్నది అమెరికా ప్రశ్న కాదు, ఇక్కడి ప్రశ్న.

పెద్దలారా, ఈ కథల సారం మూడు మాటలలో చెప్పవచ్చు. మొదటిది, వెళ్లేవానిని నిందించి పంపరాదు. బౌడెన్ ఇచ్చినటువంటి మాట ఒకటి ఇచ్చి పంపాలి. రెండవది, ఇచ్చిన మాటను ఏళ్లు గడిచినా నిలుపుకోవాలి. మూడవది, తిరిగి వచ్చినవాని అనుభవాన్ని పాఠశాల వాడుకోవాలి. పరీక్ష తప్పినవాడు, కబడ్డీ జట్టు వెంట పోయినవాడు, కుటుంబ భారం వల్ల పనిలో చేరినవాడు ఎవరైనా సరే, టి.సి. పుచ్చుకొన్నంత మాత్రాన ఈ ప్రాంగణానికి పరాయివాడు కాడు.

దారులు లేకపోలేదు. 1982లో హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట నడుస్తున్నది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ పదవ తరగతి పరీక్షను తెలుగు మాధ్యమంలో వ్రాసే అవకాశం కల్పిస్తున్నది. ఇతర రాష్ట్రాలలో తెలుగు చదివి మధ్యలో ఆపినవారికి ఇది ఎంతటి ఆసరాయో చాలామంది ఎరుగరు. దరఖాస్తు ఎలా నింపాలో, పాత ధ్రువపత్రం ఎక్కడ దొరుకుతుందో చెప్పే మనిషి ఒక్కరు పాఠశాల కార్యాలయంలో ఉంటే చాలు. భవనానికి వేసే కొత్త అంతస్తు కంటె ఆ ఒక్క కుర్చీ ఎక్కువ ఉపకారం చేయవచ్చు.

విద్యార్థులారా, మీలో ఆటలో నేర్పరులు ఉన్నారు. అవకాశం వస్తే వెళ్లండి, మనసు పెట్టి ఆడండి. ఎంత దూరం పోయినా మీ మార్కుల పత్రాలను భద్రపరచుకోండి, ఉపాధ్యాయులకు ఉత్తరం వ్రాస్తూ ఉండండి. గెలిస్తే సంతోషం. గెలవకపోతే సిగ్గుపడి ఈ వీధి తప్పించుకొని తిరగవద్దు. ఒక దారిలో నడిచి చూసి, మరొక దారికి మళ్లినవాడు రెంటికీ చెడినవాడు కాడు, రెండూ ఎరిగినవాడు.

ఈ పాఠశాల శతవార్షికోత్సవం నాటికి, తిరిగి వచ్చి చదువు ముగించినవారి పేర్లతో హాజరుపట్టీలో ఒక ప్రత్యేకమైన పుట నిండాలన్నదే ఆకాంక్ష.